రైలు విడిచిన దారి



మా కళింగపట్నానికి రైలు లేదు. ఏ కాలంలోనూ లేదు. వంశధార వచ్చి సముద్రంలో కలిసే ఈ ఊళ్ళో దీపస్తంభం ఉన్నది, ఇసుక దిబ్బలున్నవి, పడవలున్నవి. రైలు కూత వినాలంటే మాత్రం ఆమదాలవలస వెళ్ళవలసిందే. ఇటువంటి ఊళ్ళో కూర్చుని ఈ మాస్టారు రైలుకట్టల సంగతి ఏం చెబుతాడా అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. కాని రైలుకూ మా ఊరికీ ఒక పాత లెక్క ఉన్నది.

పూర్వం ఇది రేవుపట్నం. ఓడలు ఒడ్డుకు రాలేవు గనక దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. ఈ సీమలో పండిన ధాన్యాన్నీ, నూనెగింజలనూ పడవల కెత్తి, అలలు దాటించి, ఓడలో వేసేవారు. ఆ సరుకంతా ఎడ్లబండ్ల మీద ఎక్కడెక్కడినుంచో మా ఊరికి వచ్చేది. 1890ల నడుమ తీరం వెంబడి రైలుమార్గం వేశారు. అది మా ఊరివైపు రాలేదు. ఆమదాలవలస మీదుగా పోయింది. ఆ స్టేషనుకే శ్రీకాకుళం రోడ్డు అని పేరు పెట్టారు. అలలతో కుస్తీపట్టే పని లేకుండా సరుకు నేరుగా రైలెక్కడం మొదలుపెట్టింది. 1933లో విశాఖపట్నంలో ఓడలు లోపలికి వచ్చి నిలబడే రేవు తెరిచారు. ఇక మా రేవుకు ఓడలెందుకు వస్తవి? బండ్లు వచ్చే దారులు కూడా బోసిపోయినవి.

అంటే ఏమన్నమాట? కొత్త దారి ఒకటి పుడితే పాత దారి ఒకటి ఖాళీ అవుతుంది. బండ్ల దారిని రైలు ఖాళీ చేసింది. ఆ తరువాత లారీలూ, పెద్ద వంతెనలూ వచ్చి లోకంలో కొన్ని రైలుదారులనే ఖాళీ చేసినవి. అలా ఖాళీ అయిన రైలుదారిని ఏం చేయాలి? పట్టాలు పీకి ఇనుముకు అమ్ముకుని, నేలను ముక్కలుచేసి ఎవరికి వారు పంచుకోవడం ఒక పద్ధతి. ఆ దారిని దారిగానే ఉంచి మనుషులను నడవనివ్వడం, పిల్లలను సైకిలు తొక్కనివ్వడం ఇంకొక పద్ధతి. ఈ రెండవ పద్ధతిని గురించే ఈ నెల మన ముచ్చట.

ముందు ఒక ప్రశ్న. రైలు నడిచిన దారికీ, బస్సు నడిచిన దారికీ తేడా ఏమిటి?

పట్టాలున్నవి అంటారు మీరు. నిజమే, కాని పట్టాలు తీసేసిన తరువాత కూడా ఒక తేడా మిగిలిపోతుంది. అదేమిటో తెలియాలంటే రైలు చక్రం సంగతి కొంచెం తెలియాలి. రైలు చక్రం ఉక్కు. పట్టా ఉక్కు. నున్నటి ఉక్కు మీద నున్నటి ఉక్కు దొర్లుతుంటే అడ్డుపెట్టే బలం చాలా తక్కువ. మట్టమైన పట్టాల మీద 1 టన్ను, అనగా 1000 కిలోల బరువున్న పెట్టెను మెల్లగా కదులుతూ ఉండేటట్లు చేయడానికి సుమారు 2 కిలోల లాగుడు చాలు. మీ తరగతిలో చిన్నపిల్లవాడు కూడా 2 కిలోల బరువు ఎత్తగలడు గదా! అందుకే ఒక్క ఇంజను అన్ని పెట్టెలను లాగుకుపోతున్నది.

అయితే ఈ వరంలోనే ఒక శాపం ఉన్నది. అదే పెట్టె ఎత్తు ఎక్కవలసివచ్చిందనుకోండి. 100 మీటర్లు పోయేసరికి 1 మీటరు లేచే ఎత్తు. దీన్ని నూటికి ఒకటి వాలు అంటారు. మీ కంటికి అది ఎత్తులాగా కనిపించనే కనిపించదు. కాని ఆ వాలు మీద 1000 కిలోల పెట్టె తన బరువులో నూరోవంతుతో, అంటే 10 కిలోల బలంతో, వెనక్కు లాగుతూ ఉంటుంది. మట్టం మీద 2 కిలోలు చాలినచోట ఇక్కడ 12 కిలోలు కావాలి. ఆరు రెట్లు! పైగా చక్రం నున్నన గనక బలంగా తిప్పితే ముందుకు పోకుండా ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. అలా జారకుండా ఉండడానికి ఇంజనులో ఇసుక నింపుకుని, అవసరమైనప్పుడు చక్రం ముందు పట్టా మీద కొంచెం కొంచెం రాలుస్తారు. ఇంత పెద్ద యంత్రానికి మన సముద్రపు ఒడ్డున దొరికే ఇసుకవంటి ఇసుకే దిక్కయింది చూశారా!

అందుచేత రైలుదారి వేసే ఇంజనీరు వాలుకు భయపడతాడు. దిబ్బ అడ్డం వస్తే తొలుస్తాడు, పల్లం వస్తే కట్ట పోస్తాడు, వాగు వస్తే తూము కడతాడు. మలుపు తిప్పవలసివస్తే పెద్ద వలయంగా, మెల్లగా తిప్పుతాడు. కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్ పోయే రైలు అంతంత కొండలెక్కుతుంది గదా, అక్కడ కూడా వాలు సుమారు అరవైకి ఒకటి కంటె మించనివ్వలేదు. అదే కొండలెక్కే బస్సుదారిలో ఇరవైకి ఒకటి వాలు మామూలు.

ఇప్పుడు సైకిలు లెక్క చూడండి. మీరూ, మీ సైకిలూ, మీ పుస్తకాల సంచీ కలిసి 60 కిలోలనుకుందాం. ఇరవైకి ఒకటి వాలు ఎక్కాలంటే అందులో ఇరవయ్యోవంతు, 3 కిలోల బలం వెనక్కు లాగుతుంది. నూటికి ఒకటి వాలైతే 600 గ్రాములే. ముసలివారు ఆయాసపడకుండా నడవడానికీ, చక్రాల కుర్చీలో ఉన్నవాణ్ణి చెల్లెలు తోసుకుపోవడానికీ, చిన్నపిల్ల సైకిలు నేర్చుకోవడానికీ రైలు విడిచిన దారికంటె మంచిది ఇంకొకటి ఉండదు. ఇంజను కోసం పడిన శ్రమ అంతా మనిషికి ఉచితంగా వచ్చినట్లయింది. మరొక లాభం కూడా ఉన్నది. రైలుదారికి అడ్డదారులు తక్కువ. ఊరి నడుమగుండా పోయినా అడుగడుగునా లారీలూ బస్సులూ తగలవు.

ఇక మన దేశంలోకి వద్దాం. రాజమహేంద్రవరం పిల్లలకు తోచే ప్రశ్న ఒకటున్నది: గోదావరి మీద ఖాళీగా ఉన్న ఆ పాత రైలువంతెన మీద నడిచి కొవ్వూరు ఎందుకు వెళ్ళకూడదు? ఇది చాలా మంచి ప్రశ్న. పెద్దవాళ్ళు కూడా పాతికేళ్ళకు పైగా ఇదే ప్రశ్న వేసుకుంటున్నారు.

ఆ వంతెన పేరు హేవ్‌లాక్ వంతెన. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవ్‌లాక్ పేరు అది. కాశీలో గంగ మీద రైలువంతెన కట్టిన వాల్టన్ అనే ఇంజనీరే దీనినీ కట్టించాడు. పందొమ్మిదవ శతాబ్దం ముగిసేవేళకు ఇది తయారైంది. అంతకు ముందు తీరపు రైలుకు గోదావరి పెద్ద అడ్డంకి. ఇటు రైలు ఇటే, అటు రైలు అటే. ఈ వంతెనతో మద్రాసుకూ కలకత్తాకూ నడుమ ఆ అడ్డు తీరిపోయింది. దీనికి 56 ఖానాలు. ఒక్కొక్క ఖానా 150 అడుగులు. పలకా బలపం తీసి గుణించండి: 8400 అడుగులు. స్తంభాల మందం కూడా కలుపుకుంటే రెండున్నర కిలోమీటర్లకు పైమాట. ప్రక్కనే 1974లో రోడ్డూ రైలూ రెండూ పోయే వంతెన వచ్చింది. తరువాత విల్లువంటి కమానుల వంతెన వచ్చింది. 1997లో పాత వంతెన మీద రైళ్ళు ఆపేశారు. వందేళ్ళ నౌకరీ చేసి పింఛను పుచ్చుకున్నదన్నమాట.

అప్పటినుంచి రెండు మాటలు వినబడుతూ వచ్చినవి. విప్పేసి ఇనుముగా అమ్ముదామని ఒకటి. నిలిపి నడకదారిగా, విహారస్థలంగా చేద్దామని మరొకటి. ఆ ఊరివాళ్ళు రెండవ మాటను విడిచిపెట్టలేదు. 2025 జూన్‌లో 94 కోట్ల రూపాయల పైచిలుకు ఖర్చుతో అఖండ గోదావరి అనే పథకానికి పుష్కరఘాట్ దగ్గర శంకుస్థాపన జరిగింది. పాత వంతెనను తీర్చిదిద్దడం అందులో ఒక ముఖ్యమైన పని.

దీనికి పోలికగా ఒక సంగతి చెబుతాను. న్యూయార్కు నగరంలో వీధులకు పైన, స్తంభాల మీద, 1934లో తెరిచిన సరుకురైలుదారి ఒకటి ఉండేది. 1980లో చివరి రైలు పోయింది. పట్టాల నడుమ గడ్డీ పూలమొక్కలూ వాటంతట అవే మొలిచినవి. పడగొట్టాలన్నారు చాలామంది. 1999లో ఆ పేటలో ఉండే ఇద్దరు యువకులు, జాషువా డేవిడ్, రాబర్ట్ హామండ్ అనేవారు, వద్దని సంఘం పెట్టారు. వాళ్ళు ఇంజనీర్లూ కారు, ధనవంతులూ కారు. పదేళ్ళు తిరిగారు. 2009లో మొదటి ముక్క తెరిచారు, 2011లో రెండవది, 2014లో మూడవది. హైలైన్ అనే ఆ తోటను చూడడానికి లోకమంతా పోతున్నది. దాని పొడవెంతో తెలుసా? 2.3 కిలోమీటర్లు! మన గోదావరి వంతెన అంతకంటె పొడవు. వాళ్ళ దారిమీద నిలబడితే మేడలు కనిపిస్తవి. మన దారిమీద నిలబడితే అఖండ గోదావరి కనిపిస్తుంది. నాకైతే ఏది గొప్పో చెప్పడానికి ఆలోచన అక్కరలేదు.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. రైలు మోసిన వంతెన మనుషులను మోయలేదా అని తేలిగ్గా అనుకోకూడదు. ఇనుముకు తుప్పు అనే రోగం ఉన్నది. గాలిలోని ప్రాణవాయువూ, తేమా కలిసి ఇనుమును తింటవి. మా సముద్రపు ఊళ్ళో తలుపు బందులు ఎంత త్వరగా ఊడిపోతవో చూస్తే మీకే తెలుస్తుంది. ఉప్పుగాలి ఆ రోగాన్ని ఇంకా తొందర చేస్తుంది. తుప్పు పట్టినచోట ఇనుము ఉబ్బి పొరలు పొరలుగా రాలిపోతుంది, లోపల కొత్త ఇనుము బయటపడుతుంది, అది మళ్ళీ తుప్పు పడుతుంది. అందుకే రైళ్ళు నడిచినన్నాళ్ళూ వంతెనకు రంగువేసే మనుషులు ఉండేవారు. రైళ్ళు ఆగిన తరువాత రంగువేసే పని కూడా ఆగితే బలం ఎంత మిగిలిందో కంటితో చెప్పలేము. 2022 అక్టోబరులో గుజరాత్‌లోని మోర్బీలో మనుషులు నడిచే పాత తీగల వంతెనను మరమ్మతు చేశామని తెరిచిన నాలుగైదు రోజులకే అది తెగి 130 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో పిల్లలు కూడా ఉన్నారు. పాతవంతెన తెరిచేముందు ప్రతి బోల్టునూ చూడవలె. ఒక్కసారి ఎంతమంది ఎక్కవచ్చో తేల్చవలె. అంతమంది కంటె ఎక్కువ రాకుండా చూసే మనిషి ఉండవలె. ఆలస్యమైనా ఫరవాలేదు.

ఇప్పుడు అసలు కష్టమైన విషయానికి వస్తాను. దారిని మొదలుపెట్టడం తేలికే. పొడిగించడమే కష్టం.

అమెరికాలో సియాటిల్ నగరానికి తూర్పున బెల్‌వ్యూ, కిర్క్‌లాండ్, రెడ్‌మండ్ అనే పట్నాలున్నవి. ఈ పేర్లు మీలో కొందరికి కొత్త కాదు. మీ అక్కయ్యో, బాబాయిగారో అక్కడ కంప్యూటరు ఉద్యోగంలో ఉండి ఉంటారు. ఆ పట్నాల్లో తెలుగు మాట వినపడని వీధి తక్కువ అని చెప్పుకుంటారు. మన జిల్లానుంచి మనవల్ని చూడడానికి వెళ్ళిన తాతలూ అమ్మమ్మలూ పొద్దున్నే షికారు నడిచే దారుల్లో ఒకటి పాత రైలుదారి. దానికి ఈస్ట్‌రైల్ అని పేరు. రెంటన్ అనే ఊరినుంచి ఉత్తరంగా పోయే ఆ దారి అంతా కలిపి 42 మైళ్ళు. రైలు కంపెనీకి అది అక్కరలేకపోయింది. 2009లో సియాటిల్ రేవు సంస్థ కొన్నది. ఆ మీదట ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క పట్నం కొనుక్కున్నది. కిర్క్‌లాండ్ పట్నంవాళ్ళు 2012లో తమ ముక్కను, 5 మైళ్ళ ముప్పాతికను, కొన్నారు. వాళ్ళు చేసిన పని నాకు నచ్చింది. పాలరాళ్ళూ దీపాలూ అని కూర్చోలేదు. పట్టాలూ, స్లీపరు దుంగలూ తీసేసి, సన్నకంకర పరిచి, రోలరు తిప్పి, 2015లో ఇక నడవండి అన్నారు. మిగిలిన సొగసులు డబ్బున్నప్పుడు చూసుకోవచ్చునని వాళ్ళ ఉద్దేశం. నడిచే కాళ్ళు పడితే ఆ దారిని ఎవరూ ఆక్రమించరు.

ఇంత బాగా సాగిన ఆ దారికి కూడా నడుమ తెగిన చోట్లున్నవి. బెల్‌వ్యూ దగ్గర పెద్ద రహదారిని వెడల్పు చేయడం కోసం 2008లో రైలుదారిని ఒకచోట తెంచారు. తెంచడం కొద్దికాలంలో అయిపోయింది. మళ్ళీ అతకాలంటే రహదారి మీదుగా కొత్త వంతెన కట్టవలసి వచ్చింది. ఆ ప్రక్కనే 1904లో కట్టిన కొయ్యవంతెన ఉన్నది. సుమారు 1000 అడుగుల పొడవు, 100 అడుగుల ఎత్తు. దాన్ని కూడా నడకదారి చేసే పని చేపట్టారు. తెగిన రెండు ముక్కల నడుమ ఫర్లాంగే దూరం కావచ్చు. కాని ఆ ఫర్లాంగులో లారీల నడుమ దాటవలసివస్తే ఏ తల్లీ పిల్లను సైకిలు మీద పంపదు. నలభై మైళ్ళ దారికి విలువ ఇచ్చేది ఆ ఫర్లాంగే.

దారం తెగినట్లే దారి కూడా. నూరు రైతుల నడుమగుండా పోయే సన్నటి పట్టీని ఒకసారి నూరుముక్కలు చేసి అమ్మినాక, మళ్ళీ నూరుమంది దగ్గరా కొని కలపడం ఏ రాజుకూ సాధ్యం కాదు. ఈ సంగతి గుర్తించి అమెరికావాళ్ళు 1983లో ఒక చట్టం చేశారు. రైలు కంపెనీ వదిలేసే దారిని ముక్కలు చేయకుండా నడకదారిగా ఉంచవచ్చు. ఎప్పుడైనా మళ్ళీ రైలు కావలసివస్తే ఆ దారి రైలుకు తిరిగి ఇచ్చెయ్యాలి. మీరు డిబ్బీలో డబ్బు దాచుకుంటారు చూడండి, అలా దారిని దాచుకోవడమన్నమాట. దాచిన కాలంలో జనం వాడుకుంటారు, అది వడ్డీ.

సింగపూరులో ఇంకా ముచ్చటైన కథ. మలయా రైలు ఆ దీవిని ఉత్తరం నుంచి దక్షిణానికి చీల్చుకుంటూ పోయేది. 2011 జూన్ 30న ఆ దారిలో చివరి రైలు నడిచింది. మర్నాడే భూమి సింగపూరు చేతికి వచ్చింది. మూరెడు జాగాకు బంగారం పోసే ఊరది. అయినా జనం అడిగారు, ప్రభుత్వం వినింది. 24 కిలోమీటర్ల పొడవునా దారిని దారిగానే ఉంచారు. పాత ఉక్కు వంతెనలు రెండింటిని బాగుచేసి నిలిపారు. పారిస్‌లో ఇంతకు ముందే, 1969లో ఆగిపోయిన రైలుదారి మీద 1993 నాటికి తోట వేశారు. ఇంగ్లండులో బ్రిస్టల్ నుంచి బాత్‌దాకా 13 మైళ్ళ దారిని 1979 నుంచి 1986దాకా చాలావరకు స్వచ్ఛందంగా వచ్చిన జనమే పలుగూ పారా పట్టుకుని చేశారు.

అంతా బాగున్నదే, మరి ఇందులో నష్టపోయేవారు లేరా అని అడగాలి మీరు. అడగని పిల్లలంటే నాకు దిగులు. నష్టపోయేవారున్నారు. అమెరికాలోనే అట్లాంటా నగరం చుట్టూ 22 మైళ్ళ పాత రైలుదారులను వలయంగా కలిపే పని జరుగుతున్నది. 1999లో రయాన్ గ్రావెల్ అనే విద్యార్థి తన చదువు కోసం రాసిన వ్యాసంలోంచి పుట్టిన ఆలోచన అది. పరీక్షకోసం రాసిన వ్యాసం ఊరిని మార్చింది. అక్కడిదాకా మంచిదే. కాని దారి వచ్చేసరికి దాని ప్రక్క ఇళ్ళ ధరలూ, అద్దెలూ పెరిగినవి. అంతకు ముందు రైలుచప్పుడు, పొగ, మురికి భరిస్తూ అక్కడ బ్రతికిన బీదవాళ్ళే చల్లని చెట్లనీడ వచ్చేసరికి అద్దె కట్టలేక లేచిపోవలసివచ్చింది. మన దేశంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. మన రైలుకట్టల వెంబడి పాకలు వేసుకుని ఉండేవాళ్ళెందరో మీరు రైలు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. నడకదారి వేస్తున్నామని వాళ్ళను తరిమేస్తే అది ఎవరి నడక కోసం? వాళ్ళకు ఇల్లు చూపించడం కూడా ఆ దారి ఖర్చులో భాగంగానే లెక్కవేయాలని నా అభిప్రాయం. ఈ విషయంలో ఇంజనీరు కంటె ముందు కూర్చోవలసినవాడు ఊరి పెద్ద.

మన సీమలో విడిచిపెట్టిన రైలుదారి ఉన్నదా? నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి పోయే చిన్నరైలు మీ తాతగారికి తెలిసి ఉంటుంది. పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన దారి. తరువాత గుణుపూరు దాకా పొడిగించారు. పట్టాల నడుమ ఎడం రెండున్నర అడుగులే. మామూలు పెద్దరైలుకు అయిదున్నర అడుగులు. రైలు నడుస్తూండగా దిగి చింతకాయ కోసుకుని మళ్ళీ ఎక్కవచ్చునని వేళాకోళం చేసేవారు. 2004లో దాన్ని ఆపారు. అయితే ఆ దారిని వదిలేయలేదు, పెద్దపట్టాలు వేసి మళ్ళీ రైలు నడిపించారు. అది మంచిపనే. రైలు నడవగలిగిన దారిలో రైలే నడవాలి. నడకదారి రైలుకు వారసురాలు కావాలి గాని, సవతి కాకూడదు.

అయితే ఇక్కడి పిల్లలకు దారి అక్కరలేదా? అక్కర ఉన్నది. నేను చాలాకాలం బడి గేటు దగ్గర నిలబడి సైకిళ్ళ మీద వచ్చే పిల్లలను చూసినవాణ్ణి. మన రాష్ట్రంలో కొన్ని సంవత్సరాలు ఉన్నత పాఠశాలల ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళు పంచింది. చాలా గొప్ప పని. ఆ సైకిళ్ళ వల్ల బడి మానని పిల్లలెందరో. కాని సైకిలు ఇచ్చినవాళ్ళు సైకిలుకు దారి ఇవ్వలేదు. లారీ వెనకనుంచి హారను కొడితే ఆ పిల్ల తారుదిగి, మట్టిలో ఒక కాలు ఆనించి నిలబడి, లారీ పోయాక మళ్ళీ ఎక్కేది. రోజుకు ఎన్నిసార్లో! హైదరాబాదులో 2023లో వలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలుదారి వేసి, పైన ఎండకు కప్పుగా సూర్యుడి వెలుగుతో కరెంటు పుట్టించే పలకలు పరిచారు. చూడముచ్చటగా ఉన్నది. కాని సైకిలుదారి అంటే ఇంటినుంచి బడికి పోయేదారి కూడా కావాలి గదా, ఆదివారం కారులో సైకిలు వేసుకువెళ్ళి తొక్కివచ్చేదారి ఒక్కటే చాలుతుందా?

పాత రైలుకట్ట లేనిచోట రైలుకట్ట గుణాలున్న మరొక దారి ఉన్నది. కాలువగట్టు! హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజి నుంచి వంశధార కాలువలు కుడివైపూ ఎడమవైపూ బయలుదేరి ఎన్ని ఊళ్ళను తాకుతూ పోతున్నవో పటంలో చూడండి. రైలు ఎత్తుకు భయపడినట్లే నీరు కూడా భయపడుతుంది. నీరు అసలు ఎక్కనే ఎక్కదు. అందుచేత కాలువ కూడా రైలులాగే మట్టంగా, తెగకుండా, మెల్లమెల్లగా మలుపులు తిరుగుతూ పోతుంది. గట్టు కాలువశాఖవారిది, ఎవరి పొలమూ కొనవలసిన పని లేదు. నీటివైపు చిన్న పిట్టగోడ, గట్టుమీద గట్టి కంకర, అటూ ఇటూ కానుగచెట్లు ఉంటే ఎన్ని ఊళ్ళ పిల్లలు లారీలకు దూరంగా బడికి పోవచ్చునో! ఇది నా ఊహ మాత్రమే. ఇంజనీర్లు కాదంటే ఎందుకు కాదో చెప్పాలి, అవునంటే ఎప్పుడో చెప్పాలి. తల్లిదండ్రులు ఈ పేజీ చదువుతుంటారు గనక వారికి కూడా వినబడేటట్లు చెబుతున్నాను.

పిల్లలకు ఒక హెచ్చరిక. ఇది చదివి ఎవరూ రైళ్ళు నడిచే కట్టమీదికి గాని, మూసివేసిన పాతవంతెన మీదికి గాని వెళ్ళకూడదు. పాతకట్టలాగా కనిపించినా పెద్దవాళ్ళను అడగకుండా ఎక్కకండి.

ఇక ఈ నెల పని. మీ బడిదారి వాలు ఎంతో మీరే కొలవవచ్చు. తాపీమేస్త్రీ వాడే పారదర్శకమైన సన్నటి గొట్టం 12 మీటర్లది సంపాదించండి. నీరు నింపండి. లోపల బుడగలుండకూడదు. దారిమీద 10 మీటర్ల ఎడంగా రెండు కర్రలు నిలబెట్టి, గొట్టం రెండు కొసలను చెరొక కర్రకు ఆనించి పట్టుకోండి. రెండుచోట్లా నీరు ఒకే మట్టంలో నిలబడుతుంది. ఏ కర్ర దగ్గర నేలనుంచి నీటిదాకా ఎంత ఎత్తున్నదో కొలవండి. రెండు ఎత్తులకూ ఉన్న తేడాయే 10 మీటర్లలో దారి ఎక్కిన ఎత్తు. తేడా 10 సెంటీమీటర్లయితే నూటికి ఒకటి వాలు, రైలు కూడా ఎక్కగలదు. 50 సెంటీమీటర్లయితే ఇరవైకి ఒకటి. మీ దారిలో అన్నిటికంటె ఎత్తైనచోట ఎంత వచ్చిందో రాసి పంపండి.

దానితోపాటు ఒక లెక్క. ఒక కాలువగట్టు 3 కిలోమీటర్ల దూరంలో 60 సెంటీమీటర్లు దిగుతుంది. దాని వాలు ఎన్నింటికి ఒకటి? ఆ గట్టుమీద 60 కిలోల బరువున్న సైకిలూ పిల్లా ఎదురు వెళుతుంటే వాలు ఎన్ని గ్రాముల బలంతో వెనక్కు లాగుతుంది? జవాబులు వచ్చే నెల.